బోర్డు మీద జిల్లా పరిషత్, పగ్గాలు అమరావతిలో: శ్రీకాకుళం, విజయనగరం సర్కారు బడులు ఎవరి చేతుల్లో ఉన్నాయి?

ఊళ్లో హైస్కూలు గేటు మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అని, చిన్న బడి గోడ మీద ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అని రాసి ఉంటుంది. ఆ రాతను నమ్మి, టీచరు లేడనో మరుగుదొడ్డి పాడైందనో ఎంపీపీ దగ్గరకో జెడ్పీటీసీ దగ్గరకో వెళ్లే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ‘అది మా చేతిలో లేదు’ అనే జవాబుతో వెనక్కి వస్తారు. ఆ జవాబు చాలావరకు నిజమే. మరి ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నకు సరైన సమాధానం తెలియకపోతే దళితవాడ బడి కోసం రాసే అర్జీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతూనే ఉంటుంది.

పేరు మిగిలింది, పెత్తనం పోయింది

ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో పల్లె బడులు జిల్లా బోర్డుల కింద నడిచేవి. చాలా చోట్ల ఆ బడుల్లోకి అంటరాని కులాల పిల్లలను రానివ్వలేదు. అందుకే 1920ల నుంచి లేబర్ శాఖ వాళ్ల కోసం వేరే బడులు పెట్టాల్సి వచ్చింది. ‘అందరి బడి’ అన్నది ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నది కాదు, కొట్లాడి సాధించుకున్నది. 1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్‌లు వచ్చి జిల్లా బోర్డు హైస్కూళ్లు పరిషత్‌ల కిందకు చేరాయి. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 11వ షెడ్యూలు ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీరాజ్ సంస్థలకు ఇవ్వదగ్గ అంశాల్లో చేర్చింది. ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికే వదిలేసింది. మన రాష్ట్రం ఇవ్వలేదు.

ఈరోజు పరిషత్ బడి టీచరు జీతం 010 పద్దు కింద రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. నియామకం డీఎస్సీ ద్వారా జరుగుతుంది. డీఎస్సీ అంటే జిల్లా ఎంపిక కమిటీ, దానికి కలెక్టర్ అధ్యక్షుడు. కానీ ఎన్ని పోస్టులు, ఎప్పుడు, ఏ పరీక్ష అన్నది నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వమే. బదిలీలు 2025లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం జరుగుతాయి. రోజువారీ పర్యవేక్షణ డీఈఓది, మండలంలో ఎంఈఓది. 2022 తర్వాత మండలానికి ఎంఈఓ-1, ఎంఈఓ-2 అని ఇద్దరయ్యారు. భవనాలు, గ్రాంట్లు, కస్తూర్బా విద్యాలయాలు, సీజనల్ హాస్టళ్లు సమగ్ర శిక్ష చూస్తుంది. దానికి జిల్లాలో వేరే ఆఫీసు, వేరే అధికారి. మున్సిపల్ బడుల పర్యవేక్షణ కూడా 2022లో 84వ జీవోతో పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది.

జెడ్పీకి మిగిలింది తక్కువే. ఏడు స్థాయీ సంఘాల్లో ఒకటి విద్య, వైద్యానికి, ఇంకొకటి సాంఘిక సంక్షేమానికి ఉంటాయి. సర్వసభ్య సమావేశానికి డీఈఓ వచ్చి సభ్యుల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. సాధారణ నిధుల్లో 15 శాతం ఎస్సీల సంక్షేమానికి, 6 శాతం ఎస్టీలకు ఖర్చు పెట్టాలి. ఈ 15 శాతంలోంచి ఎస్సీ కాలనీ బడికి ప్రహరీ గోడో, తాగునీటి బోరో అడగవచ్చు. అడిగేవాళ్లు తక్కువ.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక ఇక్కడ చిక్కుముడి ఇంకా బిగిసింది. శ్రీకాకుళం నుంచి పాలకొండ వైపు మండలాలు, విజయనగరం నుంచి పార్వతీపురం వైపు మండలాలు కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. రాజాం ప్రాంతం విజయనగరంలోకి వెళ్లింది. జిల్లా పరిషత్‌లు మాత్రం పాత హద్దుల్లోనే ఉండిపోయాయి. సంతకవిటి మండలం సంగతి చూడండి. అక్కడి తల్లికి కలెక్టర్ విజయనగరంలో, జిల్లా పరిషత్ శ్రీకాకుళంలో. సీతంపేట తల్లికి కలెక్టర్ పార్వతీపురంలో, పరిషత్ శ్రీకాకుళంలోనే. 2025 మెగా డీఎస్సీ కూడా పాత 13 జిల్లాల లెక్కనే జరిగింది. అర్జీ మీద ఏ జిల్లా పేరు రాయాలో తేల్చుకోవడమే ఒక పని.

డబ్బు ఎలా వస్తుంది

బడి డబ్బులో పెద్ద వాటా జీతాలే, అది రాష్ట్రానిది. సమగ్ర శిక్షలో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. మధ్యాహ్న భోజనంలోనూ అదే నిష్పత్తి. బడి ఖాతాలోకి నేరుగా వచ్చే డబ్బు చిన్నది, కానీ గట్టిగా నిలదీయగలిగింది అదే. సమగ్ర శిక్ష ఇచ్చే కాంపోజిట్ గ్రాంట్ పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు ఉంటే ఏడాదికి 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష. అందులో పదో వంతు పారిశుద్ధ్యానికి తప్పనిసరి. ఈ లెక్కలో ఎవరు నష్టపోతారో చూడండి. ఊరికి దూరంగా, 20 మంది పిల్లలతో ఉండే పేట బడికి వచ్చేది నెలకు వెయ్యి కూడా కాదు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చీపురు, ఫినాయిల్ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

పెద్ద పథకాల సంగతి వేరు. 2019 నవంబర్ 14న మొదలైన నాడు-నేడు తొలి విడతలో రాష్ట్రవ్యాప్తంగా 15,715 బడులను తీసుకున్నారు. పనులు కాంట్రాక్టర్లకు కాకుండా తల్లిదండ్రుల కమిటీల పేరుతో చేయించారు. కాగితం మీద అది మంచి మలుపు. చెక్కు మీద సంతకం పెట్టిన కమిటీ అధ్యక్షురాలికి ఆ డబ్బు దేనికి ఖర్చవుతోందో చెప్పారా అన్నది ఊరూరా అడగాల్సిన ప్రశ్న. ‘అమ్మఒడి’ 2020 జనవరిలో తల్లికి 15 వేలు అంటూ మొదలైంది. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ పేరుతో చదివే ప్రతి బిడ్డకూ అమలైంది, నిర్వహణ కోసం 2 వేలు తీసి 13 వేలు జమ చేశారు. కూలి తల్లికి ఈ డబ్బు ఊరటే, కాదనలేం. కానీ ప్రైవేటు బడికి పంపినా ఇదే డబ్బు వస్తుంది. ఆ మేరకు ప్రభుత్వం తన బడుల నుంచి పిల్లలు వెళ్లిపోయే దారికి కూడా ఖర్చు పెడుతోంది.

ఇంకో లెక్క తప్పక తెలుసుకోవాలి. 2013 ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఎస్సీలతో పాటు అందరికీ అందే పథకంలో ఎస్సీ లబ్ధిదారుల వాటాను ఉపప్రణాళిక ఖర్చుగా చూపడానికి ఆ చట్టమే వీలిస్తుంది. అందువల్ల అందరి తల్లులకూ ఇచ్చే డబ్బులో ఎస్సీ తల్లుల వాటా ఉపప్రణాళిక పద్దులోకి చేరుతుంది. పద్దు నిండినట్టు కనిపిస్తుంది, ఎస్సీ వాడలో కొత్త గది ఒక్కటి కూడా లేవకపోవచ్చు. బడ్జెట్ పుస్తకంలో 789 అనే ఉపశీర్షిక కింద ఏముందో చూస్తే ఇది అర్థమవుతుంది.

మొదటి ర్యాంకు, చివరి అక్షరాస్యత

విజయనగరాన్ని విద్యల నగరం అంటారు. 1879 నాటి మహారాజా కళాశాల, 1919 నాటి సంగీత కళాశాల అక్కడివే. 2011 జనగణనలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నాటి 13 జిల్లాల్లో అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది కూడా విజయనగరమే: 58.89 శాతం. ఆడవాళ్లలో సగం మంది కూడా చదువుకోలేదు. శ్రీకాకుళంలో 61.74 శాతం. రాజుగారి కళాశాల వెలుగు కోట దాటి ఎంత దూరం వెళ్లిందో ఆ అంకె చెబుతుంది. 2018లో నీతి ఆయోగ్ రాష్ట్రం నుంచి ఎంచుకున్న మూడు వెనుకబడ్డ ఆకాంక్ష జిల్లాల్లో విజయనగరం ఒకటి.

పదో తరగతి ఫలితాలు మాత్రం తలకిందులు. 2023లో రాష్ట్ర ఉత్తీర్ణత 72.26 శాతం అయితే పార్వతీపురం మన్యం 87.47తో మొదటి స్థానం. 2024లో రాష్ట్రం 86.69, మన్యం 96.37. 2025లో రాష్ట్రం 81.14, మన్యం 93.90. అదే ఏడాది, అదే కొండల వరుసలో ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో ఆఖరు. కొండల్లో పిల్లలకు చదువు అంటదనే మాటకు మన్యం ఫలితాలు జవాబు చెబుతున్నాయి. అందుకు అక్కడి టీచర్లను, పిల్లలను మెచ్చుకోవాల్సిందే.

కానీ ఈ శాతానికి హారం ఏమిటి? పరీక్ష రాసినవాళ్లు మాత్రమే. ఎనిమిదో తరగతి తర్వాత బడి మానేసి తండ్రి వెంట విశాఖకో, హైదరాబాద్‌కో తాపీ పనికి వెళ్లిన పిల్లవాడు ఈ లెక్కలో లేడు. తొమ్మిదిలో పెళ్లయిన ఆడపిల్లా లేదు. పైగా గురుకులాల ఉత్తీర్ణత మామూలు బడుల కంటే ఎక్కువగా ఉంటుంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఐదో తరగతిలోనే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకుంటాయి. దళిత కుటుంబాలకు ఆ గురుకులాలు నిజమైన ఆసరా. సీటు రాని పిల్లల కోసమే పరిషత్ బడి మిగులుతుంది, దాన్ని మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

పేట బడి దూరమైతే

రాష్ట్ర విద్యాహక్కు నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతులు కిలోమీటరు లోపు, 6 నుంచి 8 మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. 2022లో 117వ జీవో 3, 4, 5 తరగతులను దగ్గరలోని హైస్కూళ్లకు తరలించింది. ఆందోళనలు జరిగాయి. 2025లో ఆ జీవోను రద్దు చేసి కొత్త విధానం తెచ్చారు. అందులో పిల్లలు ఎక్కువున్న చోట తరగతికో టీచరుతో ఆదర్శ ప్రాథమిక పాఠశాల, మిగతా చోట చిన్న బడులు. తరగతికో టీచరు కావాలన్నది మన పాత డిమాండే. అయితే ఆదర్శ పాఠశాల దాదాపు ఎప్పుడూ ఊరి నడిబొడ్డునే పెడతారు. ఎస్సీ కాలనీలో ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగిలితే ఎనిమిదేళ్ల పిల్ల ఊరు దాటి, రోడ్డు దాటి, ఒక్కోసారి గెడ్డ దాటి వెళ్లాలి. కిలోమీటరు కొలిచేది మ్యాపు మీద గీసిన గీతనా, పిల్ల నడిచే దారినా అని అడగండి. బడి దూరమైతే సమగ్ర శిక్ష కింద ఏడాదికి 6 వేల వరకు రవాణా భత్యం ఉంది, దాన్నీ అడగండి.

ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లకు దారి మనకు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. అందులో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4 శాతం.

టీచర్లలో ఎవరున్నారన్నదీ ఈ ప్రాంతానికి ముఖ్యం. 2025లో వచ్చిన వర్గీకరణలో రెల్లి, పైడి, దండాసి వంటి 12 కులాల గ్రూపుకు 1 శాతం, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5 శాతం ఇచ్చారు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీకి ఇదే వర్తించింది. పారిశుద్ధ్య పనికే పరిమితం చేసిన రెల్లి వీధుల నుంచి టీచర్లు రావడం ఉత్తరాంధ్రలో చిన్న విషయం కాదు. ఆ ఒక్క శాతం రాష్ట్రమంతటికీ లెక్కగట్టింది, ఆ కులాలు మాత్రం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

మన చేతిలో ఉన్న ఒక్క తలుపు

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో మూడొంతులకు, అంటే 75 శాతానికి తగ్గకుండా తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. రాష్ట్ర నిబంధనల్లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోవాలి, అందులో ఒకరు ఎస్సీ, ఎస్టీ తదితర వర్గాల నుంచి తప్పనిసరి. అధ్యక్ష, ఉపాధ్యక్షుల్లో ఒకరు బలహీన వర్గాల వారు, ఒకరు మహిళ కావాలి. పదవీకాలం రెండేళ్లు. 22వ సెక్షన్ కింద బడి అభివృద్ధి ప్రణాళిక రాసే అధికారం వీళ్లదే, గ్రాంట్లకు అదే ఆధారం.

ఆచరణ వేరు. 2024 ఆగస్టు 8న ఎన్నికలు పెట్టారు. అది గురువారం, పైగా వరి ఉభాల రోజులు. కూలి మానుకుని వచ్చిన తల్లి, తనకు రేపు పని ఇచ్చే రైతు ఎదుట చెయ్యెత్తి ఓటేయాలి. రహస్య బ్యాలెట్ లేని చోట రిజర్వేషన్ సీటు కూడా పెద్దమనుషులు చెప్పిన పేరుకే దక్కే ప్రమాదం ఉంది.

వంట దగ్గర కూడా ఒక హక్కు ఉంది, చాలామందికి తెలియదు. 2004 ఏప్రిల్ 20న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజన వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. 25 మంది పిల్లల వరకు ఒకరు, 100 వరకు ఇద్దరు, ఆపైన ప్రతి వందకు మరొకరు. గౌరవ వేతనం నెలకు 3 వేలు. మీ మండలంలో ఎంతమంది వంటవాళ్లున్నారు, అందులో ఎస్సీలెందరు అని సమాచార హక్కు కింద ఎంఈఓకు ఒక దరఖాస్తు పెడితే చాలు, ఆ ఆదేశం ఎంత అమలైందో తేలిపోతుంది. బడిలో కులాలవారీ పిల్లల సంఖ్యకు దరఖాస్తు కూడా అక్కర్లేదు, యూడైస్ ప్లస్‌లో ప్రతి బడి నివేదికా అందరికీ అందుబాటులో ఉంది.

బిడ్డను బడిలోకి రానివ్వకుండా కులం పేరుతో అడ్డుకుంటే అది 2016 జనవరి 26 నుంచి అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ కింద నేరం, పోలీసు స్టేషన్‌కే వెళ్లాలి. టీచరు లేకపోవడం, బడి దూరం కావడం, పిల్లలను వేరుగా కూర్చోబెట్టడం వంటి వాటికి విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ఉంది. స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. వాళ్లు మూడు నెలల్లో తేల్చాలి. తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. సంతకవిటి, సీతంపేట లాంటి మండలాల వాళ్లు ఫిర్యాదు ప్రతిని కలెక్టర్‌కు ఒకటి, పాత జిల్లా పరిషత్ సీఈఓకు ఒకటి పంపడం మంచిది. లేకపోతే ‘ఇది మా పరిధి కాదు’ అనే ఒక్క వాక్యంతో ఆ మూడు నెలలూ గడిచిపోతాయి.