మన బాటలు ఎవరి లెక్కలో ఉన్నాయి?

ఏజెన్సీలో ఏ ఊరికైనా నాలుగైదు కాలిబాటలుంటాయి. ఒకటి సంతకు, ఒకటి పోడుకు, ఒకటి ఊటగెడ్డకు, ఒకటి మనం పిల్లనిచ్చి పుచ్చుకునే పక్క ఊరికి, ఒకటి శ్మశానానికి. వీటిని ఎవరు వేశారని అడిగితే, తాతలు నడిచారు, మేమూ నడుస్తున్నామని పెద్దలు చెబుతారు. వానలకు ముందు తుప్పలు కొట్టడం, గెడ్డ మీద దుంగ కొట్టుకుపోతే మరొకటి వేయడం ఊరి పని. ఊరు నడిచిన బాటను ఊరే బాగుచేసుకుంది. అయితే ఈ బాటలకు కాగితం లేదు. కాగితం లేకపోవడం వల్ల మనకేం జరిగిందో చరిత్రలో చూడాలి.

మైదానం నుంచి ఉప్పు, గుడ్డ కొండెక్కింది ఈ బాటల మీదే. చింతపండు, పసుపు, కరక్కాయ, అడ్డాకు కావళ్లలోనూ నెత్తి మీదా దిగిందీ వీటి మీదే. బ్రిటిషు ప్రభుత్వం 1839లో ప్రత్యేక చట్టం తెచ్చి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి వేరుచేసి ఏజెంటు చేతిలో పెట్టింది. అప్పటికి దొరల దృష్టి శిస్తు మీద ఉంది గాని బాట మీద లేదు. అడవి మీద కన్ను పడ్డాకే బాట సంగతీ వచ్చింది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఫలానా అడవిని రిజర్వు చేయబోతున్నామని ప్రభుత్వం ప్రకటించాలి. అక్కడ హక్కులున్నవాళ్లు గడువులోగా అధికారికి చెప్పుకోవాలి. ఆ గడువు మూడు నెలలకు తగ్గకూడదు. నడిచే దారి హక్కు, నీటి హక్కు, పశువుల మేత హక్కు అన్నీ అందులో ఉన్నాయి. చెప్పుకోనివాళ్ల హక్కు పోయినట్టే. చదువు రాని ఊరికి, గెజిట్ అంటే తెలియని ఊరికి ఈ ఏర్పాటు ఎంత అందుబాటులో ఉంటుందో ఊహించుకోవచ్చు. చట్టంలో దారి హక్కు ఉంది, కానీ దాన్ని అడిగే దారి మనకు లేదు. అలా తాతలు నడిచిన బాట మీద మనవడు అనుమతి లేకుండా వచ్చినవాడయ్యాడు.

తర్వాత ప్రభుత్వమే బాట వేయడం మొదలుపెట్టింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలో ఉండేది. కొండవాళ్లను బలవంతంగా పనికి తోలి, రావలసిన కూలి ఇవ్వలేదు. ఆ రోడ్డు మీద పడిన చెమట 1922 పితూరీకి ఒక కారణమైంది. అడవి ఆంక్షలు, పోడు నిషేధం, ముఠాదారులకు జరిగిన అవమానాలు దానికి తోడయ్యాయి. గాం గంటందొర, మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు.

పితూరీ ఎలా సాగిందో చూస్తే బాటల విలువ తెలుస్తుంది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. పటంలో లేని దారులు మన్యం మనుషులకు కాళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం మలబారు పోలీసులను, 1924లో అస్సాం రైఫిల్స్‌ను దింపాల్సి వచ్చింది. ఆ తర్వాతి కాలంలో మన్యంలో రోడ్డు అంటే పోలీసు వచ్చే దారి, కలప పోయే దారి అనే భయం మిగిలింది. ఆ భయానికి కారణం ఉంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. మనల్ని ఏలిన ఇంగ్లండు తన పల్లెల్లో ఏం చేసింది? అక్కడా భూస్వాములు కాలిబాటలు మూస్తుంటే జనం పోరాడారు. 1949లో చట్టం వచ్చింది. ప్రతి కౌంటీ కౌన్సిల్ తన పరిధిలోని కాలిబాటలన్నిటినీ సర్వే చేసి పటం తయారుచేయాలి. ఏ బాట ఎక్కడుందో తెలిసిన పల్లె కౌన్సిళ్లు ఆ పనికి సాయపడ్డాయి. పటంలోకి ఎక్కిన బాటను భూమి యజమాని తన ఇష్టానికి మూయలేడు. దాన్ని నడవదగినట్టు ఉంచే బాధ్యత కూడా అధికారుల మీద ఉంటుంది. అంటే కాలిబాట కూడా పెద్ద రోడ్డులాగే హక్కు. అయితే నడిచేవాళ్లు దాన్ని రాయించుకోవాలి.

మనకిప్పుడు ఆ అవకాశం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మన ఊరుమ్మడి హక్కులను గుర్తించింది. అదే చట్టం కింద గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డు, బడి, అంగన్‌వాడీ వంటి 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వవచ్చు. ఒక్కో పనికి హెక్టారుకు మించకూడదు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఆరు మీటర్ల వెడల్పు అనుకుంటే హెక్టారులో కిలోమీటరున్నరకు పైగా రోడ్డు వస్తుంది. చాలా ఊళ్లకు తక్కువైన దారి అంతే. అయినా అడవి అనుమతి లేదన్న మాట విని ఎన్నో ఊళ్లు వెనక్కి వచ్చేశాయి.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసాన్ని లెక్కలోకి తీసుకుంది. కొండ మీద ఇరవై ముప్పై గడపల ఊళ్లు ఆ లెక్కకు అందలేదు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ ఆదిమ తెగల ఆవాసాలకు ఆ సంఖ్యను 100కు దించింది. అంతకంటే చిన్న ఊళ్లలో నొప్పులు పడుతున్న ఆడబిడ్డ ఇప్పటికీ డోలీలోనే కొండ దిగుతోంది. డోలీ మోసేవాళ్ల కాళ్ల కింద ఉన్నది మన పాత కాలిబాటే. తారు వచ్చేదాకా ఆ బాటనైనా తుప్ప కొట్టి, రాయి తీసి, గెడ్డ మీద వంతెన వేసి ఉంచాలి కదా. ఆ పని ఉపాధి హామీలో అడగవచ్చు. కానీ లెక్కలో లేని బాటకు పని ఎవరు రాస్తారు?

అందుకే యువతకు, టీచర్లకు మా మాట ఇది. వేసవిలో పిల్లలను పెద్దల వెంట పంపండి. ప్రతి బాట పేరు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఏ గెడ్డ దాటుతుంది, వానాకాలంలో ఎన్నాళ్లు తెగిపోతుంది, ఎన్ని తరాలుగా నడుస్తున్నారు అన్నవి రాయించండి. ఊళ్లో చదువు రానివాళ్లు చెప్పినదాన్నీ రాయండి. పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవాలని అటవీ హక్కుల నియమాలే చెబుతున్నాయి. ఆ జాబితాను గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. ఒక ప్రతి ఊరుమ్మడి హక్కుల దరఖాస్తుకు జతచేయండి, ఒకటి బడిలో ఉంచండి. దరఖాస్తు ఇచ్చినచోట రసీదు అడిగి తీసుకోండి.

ఒకప్పుడు మూడు నెలల గడువులో మన తాతలు చెప్పుకోలేకపోయారు. వాళ్ల తప్పేమీ లేదు, అక్షరం వాళ్ల దగ్గరకు రాలేదు. ఇప్పుడు అక్షరం మన చేతిలో ఉంది. బాటను ఎరిగిన ముసలివాళ్లు ఇంకా ఊళ్లో ఉన్నారు. వాళ్లుండగానే రాసుకుందాం.