బోల్కే, నిస్పా, అని

"ఆతూఁ బోల్కే బోలా" అన్నందుకు చిన్నప్పుడు ఒక ఉస్తాద్ నాకు చీవాట్లు పెట్టారు. అది ఉర్దూయే కాదట. ఆ 'బోల్కే' మన 'వస్తానని'లో ఉన్న 'అని' అని డిగ్రీలో తెలుగు చదివాకే నాకు అర్థమైంది.

పెరూ కొండల్లోనూ ఇదే కహానీ. అక్కడి కెచువా జుబాన్‌లో కూడా క్రియ మనలాగే చివరికొస్తుంది. మన 'అని' లాంటి మాట వాళ్లకు 'నిస్పా'. స్పానిష్ మాట్లాడేటప్పుడూ అది వాళ్లను వదల్లేదు, 'దిసియెందో' అయి కూర్చుంది. అంటే 'అంటూ' అని.

హొసే మరియా అర్గేదాస్ (1911-1969) తల్లి చిన్నప్పుడే పోయింది. సవతి తల్లి బావర్చీఖానాలోకి తోసేస్తే నౌకర్ల ఒళ్లో కెచువాతో పెరిగాడు. 1939లో సికువానీ ఊరి బడిలో స్పానిష్ ఉస్తాద్‌గా చేరాడు. చేరి, మీ ఇళ్లలోని పాటలు, కిస్సాలు రాసుకు రండని పిల్లలకు చెప్పాడు! రెండు జుబాన్ల మధ్య నలిగే మనిషి బేచైనీ మీద ఆ ఏడే వ్యాసం రాశాడు. 1941 నాటి 'యావర్ ఫియెస్తా' నవలలో కెచువా మనుషుల నోట స్పానిష్‌ను కెచువా వరసలో నడిపించాడు. తర్వాత తహ్‌ఖీఖ్‌లోకి మళ్లి, 1963లో డాక్టరేట్ అందుకున్నాడు. 1975లో పెరూ కెచువాకు సర్కారీ హోదా ఇచ్చేనాటికి ఆయన లేడు.

నిన్న అమ్మీ ఫోన్ చేసింది. "ఈద్ కూ ఆతే బోల్కే బోలే థే నా?"

దిద్దలేదు. "ఆతే అమ్మీ" అన్నాను.