బంతి అన్నం పెట్టిన రోజులు
హైదరాబాద్ పోలీసు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర

పోయిన సంవత్సరం మన సొసైటీ సర్వసభ్య సమావేశంలో నేనొక చిన్న కోరిక కోరాను. విద్యా సహాయ నిధిలో నుంచి కొంత సొమ్ము తీసి మా స్కూలు పిల్లలకు నాలుగు ఫుట్‌బాళ్ళు, కొన్ని జతల బూట్లు కొనిపెట్టాలని అడిగాను. మన పెద్దల్లో ఒకరు లేచి, "మాస్టరు సాబ్, ఫీజులు కట్టలేని పిల్లలు ఇంతమంది వుండగా బంతులకు డబ్బులేమిటండీ? బంతి అన్నం పెడుతుందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి కూర్చున్నాను.

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి తీతలు, మిరప కోతలు వచ్చాయంటే మా క్లాసులో బెంచీలు ఖాళీ అవుతాయి. పిల్లవాడు కోతకు పోతే ఆ పూట ఇంటికి కూలి డబ్బులు వస్తాయి. బడికి వస్తే ఏమీ రావు. అటువంటి ఇంటికి పోయి ఆటల గురించి చెప్పబోతే ఎవరు వింటారు? అయినా ఆ ప్రశ్నకు జవాబు మన చరిత్రలోనే ఒకటి వుంది. ఆ రోజు నోటికి రాలేదు గనక ఈ సంచిక ద్వారా మనవి చేసుకుంటున్నాను.

ఒకప్పుడు బంతి నిజంగానే అన్నం పెట్టింది. అలా పెట్టించినవారిలో ముఖ్యుడు నా వంటి ఒక బడిపంతులే.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఆ రోజుల్లో అక్కడ పై చదువులన్నీ ఉర్దూలోనే సాగేవి. చదువు పూర్తయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరి కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలైన చోట్ల పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటలు కూడా తానే చూసుకునేవారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ బాధ్యతను కడదాకా మోశారు.

సిటీ పోలీసు జట్టంటే పోలీసు శాఖ వారి జట్టు. బాగా ఆడే కుర్రవాడికి శాఖలో ఉద్యోగం దొరికేది. పొద్దున సాధన, తర్వాత డ్యూటీ, నెల తిరిగేసరికి జీతం. పేదవాడల్లో గోచీ బిగించి గుడ్డబంతి తన్నిన పిల్లవాడికి ఇది చిన్న సంగతి కాదు. కలకత్తాలో పెద్ద పెద్ద క్లబ్బులు వుండేవి, వాటికి వేలాది అభిమానులు వుండేవారు. హైదరాబాద్‌లో అటువంటివేమీ లేవు. పోలీసు జీతం వుంది, మైదానం వుంది, రహీం సాబ్ వున్నారు. ఈ మూడూ కలిసి దేశంలోకెల్లా బలమైన జట్లలో ఒకదాన్ని తయారుచేశాయి.

బొంబాయిలో రోవర్స్ కప్పు అని ఒక పాత పోటీ వుండేది. 1891లో మొదలైంది. దాన్ని సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు సంవత్సరాలు గెలిచింది. అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ ఇంకే జట్టూ ఆ పని చెయ్యలేదు. 1888లో సిమ్లాలో పుట్టి తర్వాత ఢిల్లీకి వచ్చిన డ్యూరాండ్ కప్పు అంతకంటె పాతది. దాన్ని 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి గెలిచారు. మళ్ళీ 1954లో గెలిచారు, 1957లో ఈస్ట్ బెంగాల్ మీద గెలిచారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956-57లోనూ, ఆ వెంటనే 1957-58లోనూ హైదరాబాద్‌కే వచ్చింది.

రహీం సాబ్ నేర్పే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి. నేను పంతుల్ని గనక నాకు ఆ పద్ధతి మీదే ధ్యాస. ఆయన కుర్రవాళ్ళకు వింత షరతులతో పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర తిప్పుకుంటూ పరుగెత్తకూడదు, వచ్చిన బంతిని వచ్చినట్టే సాటివాడికి అందించాలి. దానితో నేనే గొప్ప అనే జబ్బు వదిలేది. ఇంకో పోటీలో బలమైన కాలు వాడకూడదు, వాటంలేని కాలితోనే తన్నాలి. దానితో రెండు కాళ్ళూ పనికి వచ్చేవి. ఎక్కాలు రాని పిల్లవాడి చేత రోజుకో ఎక్కం అప్పచెప్పించుకునే మాస్టరు పనికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి! క్రమశిక్షణ విషయంలో ఆయన బహు కఠినులని ఆయన దగ్గర ఆడినవారు చెప్పేవారు. కఠినులే గానీ కుర్రవాళ్ళ కష్టం ఎరిగిన మనిషి.

తులసీదాస్ బలరాం సంగతే చూడండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన అబ్బాయి. సాధనకు రోజూ హైదరాబాద్ దాకా రావడానికి చేతిలో డబ్బుల్లేవు. సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీం సాబే రోజుకో రూపాయి చేతిలో పెట్టేవారు. ఈ మాట బలరాం గారే తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. ఆ రూపాయి సైకిలు మీద వచ్చిన అబ్బాయి 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. మన పిల్లలకు రహీం సాబ్ కథ చెప్పేటప్పుడు బలరాం కథ కూడా కలిపి చెప్పాలని నా మనవి. ఆయన ఎదుట నిలబడ్డ కుర్రవాడిది ఏ కులం, ఏ మతం అని చూసిన దాఖలా లేదు. బంతి ఎలా అందిస్తాడన్నదే ఆయన చూశారు. ఇది మావాళ్ళ ఘనత అని మనమొక్కళ్ళమే చంకలు గుద్దుకుంటే ఆయన నేర్పిన పాఠం మనకు అంటనట్టే.

ఇక్కడ మన జిల్లాలవారికి ఒక ముచ్చట. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంటే అప్పటిదాకా పొరుగు రాష్ట్రంలో వున్న హైదరాబాద్ జట్టు ఆ రోజు నుంచి మన గుంటూరు వాళ్ళకు కూడా సొంత జట్టు అయింది. సరిగ్గా నెల తిరిగాక, డిసెంబరు 1న, మెల్బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో, మూడో స్థానం కోసం బల్గేరియా చేతిలో ఓడి, మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టుకు శిక్షకుడు రహీం సాబే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇలా జట్టులో చాలామంది హైదరాబాద్ మట్టిలో పెరిగినవారే. అంతకు నాలుగేళ్ళ ముందు, 1952లో హెల్సింకీలో, ఇదే దేశం జట్టు కొందరు ఉత్త కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయిందని గుర్తు పెట్టుకుంటే నాలుగేళ్ళలో ఒక మాస్టరు ఎంత దూరం నడిపించారో తెలుస్తుంది.

ఆ తర్వాత పోలీసు జట్టు పేరు కూడా మారి ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు అయింది. ఆ పేరుతో 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ కప్పులు తెచ్చింది.

1962 సంగతి మా అబ్బా చెప్పగా విన్నాను. అప్పటికి ఆయనకు పన్నెండేళ్ళు. మా దాదా జిన్నింగు మిల్లులో కూలి. సెప్టెంబరు నెలలో ఒకరోజు మిల్లు ఎదుట టీ హోటల్లో రేడియో వార్తల్లో జకార్తా ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం మనదే అని చెప్పారట. దాదా ఎన్నడూ ఫుట్‌బాల్ చూసినవాడు కాదు. అయినా, "శిక్షకుడు హైదరాబాద్ రహీం సాబట, బడిపంతులట" అని ఎవరో అనగానే ఇంటికి వచ్చి అబ్బాతో, "పంతులు తలుచుకుంటే చూడరా, ఎంతదాకా తీసుకుపోతాడో" అన్నాడట. నన్ను ట్రైనింగులో చేర్చేటప్పుడు మా అబ్బా ఈ మాటే నాకు మళ్ళీ చెప్పారు.

ఆ ఫైనల్ సెప్టెంబరు 4న జరిగింది. రాజకీయ కారణాల వల్ల జకార్తా జనం మనవాళ్ళ మీద కోపంగా వున్నారు. మైదానమంతా ఎగతాళి కేకలు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన మనవాళ్ళు అదే కొరియాను ఫైనల్లో 2-1తో ఓడించారు. పి.కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. హైదరాబాద్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ కూడా దెబ్బలతోనే ఆడాడు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా, ఈ రెండుసార్లే ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మనకు వచ్చింది. రెండుసార్లూ శిక్షకుడు ఆయనే.

ఇక పతనం సంగతి. ఆయన పోయాక జట్టు ఒక్కసారిగా కూలలేదు. 1963లో రోవర్స్ కప్పు తెచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మాత్రం ఆ ట్రోఫీ మళ్ళీ మన గడప తొక్కలేదు.

కారణం ఏమిటి? మంచి ఆటగాళ్ళు పుట్టకపోవడం కాదు. పుట్టారు, కానీ ఇక్కడ నిలవలేదు. బలరాం అంతకుముందే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. తర్వాత హబీబ్, నయీముద్దీన్ కలకత్తా దారి పట్టారు. 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ నాయకత్వంలో కంచు పతకం వచ్చింది. 1977లో పెలే వున్న న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమానంగా ఆడినప్పుడు ఒక గోల్ మన హబీబ్‌దే. కుర్రవాళ్ళు మనవాళ్ళే, పేరు మాత్రం కలకత్తాది. పోలీసు జీతం కంటె అక్కడి క్లబ్బు ఎక్కువ ఇచ్చింది. వాళ్ళను తప్పుపట్టలేము. ఇంట్లో తినేవాళ్ళున్నారు గదా! కానీ పోయినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను తయారుచేసే మాస్టరు మళ్ళీ దొరకలేదు. మైదానాలు చూస్తే వూళ్ళు పెరిగినకొద్దీ తరిగిపోయాయి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. బంతి పెట్టిన అన్నం అందరికీ కడదాకా అందలేదు. బలరాం జబ్బు చేసి ఇరవైల్లోనే ఆట మానుకోవలసి వచ్చింది. 2023లో బెంగాల్‌లో కన్నుమూశాడు. యూసుఫ్ ఖాన్ చివరి రోజుల్లో పార్కిన్సన్ జబ్బుతో బాధపడ్డాడు. రహీం సాబ్ పేరు కూడా చాలాకాలం మరుగున పడిపోయి, 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక గానీ మన పిల్లలకు తెలియలేదు.

డబ్బుంటే చాలదా అంటారేమో. దానికీ ఒక ఉదాహరణ వుంది. 2019లో హైదరాబాద్ పేరుతో ఒక కొత్త క్లబ్బు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్ళు తిరక్కుండానే ఆటగాళ్ళకు జీతాలు బాకీ పడింది, మంచివాళ్ళంతా వెళ్ళిపోయారు, జట్టు అట్టడుగుకు చేరింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పెట్టుబడి పెట్టినంత సేపూ వుంది. కింద వేరు లేదు.

పెద్దవారు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు చెబుతాను. బంతి ఒక్కటే ఎన్నడూ అన్నం పెట్టలేదు. బంతి వెనక జీతమిచ్చే ఉద్యోగం, ఆడుకోను మైదానం, రోజూ వచ్చి నిలబడే మాస్టరు, ఈ మూడూ వున్నన్నాళ్ళూ పెట్టింది. అవి ఒకదాని వెంట ఒకటి పోయాక మానేసింది. ఆ లెక్కన పోయినేడు నా కోరికే సగం కోరిక. బంతులు అడిగాను గానీ రోజూ ఎవరు నేర్పుతారో చెప్పలేదు. ఆ మాట నిజమే గనక పెద్దల నవ్వు నాకు బాగానే పనికి వచ్చింది.

అందుచేత ఈసారి కోరిక మార్చుకున్నాను. ఊరి చివర ఖాళీగా పడివున్న స్థలాన్ని చదును చేయించి ఇవ్వండి. బంతులు నాలుగు అక్కర్లేదు, రెండు చాలు. మిరప కోతల రోజుల్లో కూడా బడికి వచ్చిన పిల్లవాడికి సాయంత్రం ఆట వుంటుంది, అదే షరతు. ఒలింపిక్స్‌కు పంపుతానని నేను అనను. అందులో ఒకడికి పోలీసులోనో రైల్వేలోనో ఆటల కోటాలో ఉద్యోగం వస్తే సంతోషం. రాకపోయినా, కోతల నెలల్లో బెంచీలు నిండితే మన నిధి ఖర్చు దండగ కాదు. నేర్పేవాడు ఎవరంటే, బడి వదిలాక గంటసేపు నేను నిలబడతాను. వాటంలేని కాలితో తన్నడం నాకూ రాదు. పిల్లలతోపాటు నేర్చుకుంటాను.