నిలిచిన కారులో వణికే స్టీరింగు

తెనాలి నుండి రేపల్లె పోయే దారిలో రైలుగేటు పడినప్పుడు వరుసగా ఆగిన కార్లను గమనించండి. కొన్నింటిలో ఇంజను నడుస్తున్నదో లేదో చెవికే తెలియదు. మరికొన్నింటిలో డ్రైవరు చేతిలోని స్టీరింగు చక్రము సన్నగా వణుకుతూ ఉంటుంది. గేటు లేచి బండి కదలగానే వణుకు మాయమవుతుంది. ఇట్టి కారుకు చక్రాల బాలెన్సింగు చేయించి డబ్బు పోగొట్టుకొనేవారు కలరు. తిరగని చక్రమునకు బాలెన్సింగుతో పని ఏమి? ఈ రోగము సాధారణముగా స్టీరింగులో పుట్టదు. ఇంజనులో గాని, ఇంజనును మోసే రబ్బరులో గాని పుట్టి స్టీరింగులో బయటపడుతుంది. ఎందుకిట్లు జరుగుతుందో ఇంజను చరిత్రను చూస్తే బోధపడుతుంది.

కృష్ణా డెల్టాలో వరిమిల్లులకు, నీటి పంపులకు వాడిన ఒంటి సిలిండరు ఆయిలింజనులను పెద్దలు ఎరుగుదురు. నాలుగు ఘాతముల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే ఇంధనము మండి పిస్టనును తోస్తుంది. తక్కిన సమయమంతా ఫ్లైవీలులో నిలువ చేరిన శక్తియే యంత్రమును నడుపుతుంది. తోపు పడినప్పుడెల్లా ఇంజను అదురుతుంది. అందుకే దానిని కాంక్రీటు దిమ్మకు బోల్టులతో బిగించేవారు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మోటారు బండికి ఉన్నదీ ఒకటే సిలిండరు, ఒక పెద్ద ఫ్లైవీలు. కాని రోడ్డుపై పోయే బండి కాంక్రీటు దిమ్మను మోయలేదు గదా!

ఇంజను వణుకు రెండు విధములు. పైకి క్రిందికి పోయే పిస్టనుల బరువు వల్ల కలిగేది మొదటిది. ఇది వేగము యొక్క వర్గమును బట్టి పెరుగుతుంది గనుక అధిక వేగములో ప్రబలము. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు ఇరవయ్యవ శతాబ్ది ప్రారంభములో ఎదురెదురు దిశలలో తిరిగే బరువు కడ్డీలతో దీనిని అణచే మార్గము చూపినాడు. 1970లలో జపానులో మిత్సుబిషి సంస్థ ఆ ఊహను తిరిగి వాడుకలోనికి తెచ్చినది. రెండవ వణుకు ఇంధనము మండినప్పుడల్లా కలిగే తోపు వల్ల పుట్టేది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దీనిదే పైచేయి. మన రైలుగేటు దగ్గరి వణుకు ఈ జాతిదే.

దీనికి విరుగుడు 1931లో అమెరికాలో ప్రసిద్ధి పొందినది. క్రైస్లరు సంస్థ తన ప్లిమత్ కారులో ఇంజనును చట్రమునకు గట్టిగా బిగించుట మాని, రబ్బరుపై ముందు ఎత్తున ఒకచోట, వెనుక పల్లమున ఒకచోట నిలిపినది. ఆ రెండింటినీ కలిపే రేఖ ఇంజను గరిమనాభికి దగ్గరగా పోతుంది. ఇంజను ఆ రేఖ చుట్టూ స్వేచ్ఛగా ఊగుతుంది, ఆ ఊపు మాత్రము బండికి అంతగా అందదు. దీనికి ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరు పెట్టినారు. 1932లో ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ కూడ ఈ పద్ధతిని చేపట్టినది. ఇక్కడ వణుకును చంపలేదు. అది బండికి చేరకుండా అడ్డుకున్నారు, అంతే.

ఇది ఎట్లు సాధ్యము? ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుతున్నదనుకొందము. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు తోపులు, అనగా సెకనుకు సుమారు 27. మూడు సిలిండర్లయితే చుట్టుకు ఒకటిన్నర, అనగా సెకనుకు 20. ఉయ్యాలను దాని ఊపుకు సరిపడే సమయములో తోస్తే ఊపు పెరుగుతుంది. ఇదే అనునాదము. మెత్తని రబ్బరుపై ఇంజను సహజ పౌనఃపున్యము ఈ తోపుల సంఖ్యకు చాల తక్కువ గనుక వణుకు బండికి అంతగా చేరదు. ఏళ్ల తరబడి వేడికి, నూనెకు రబ్బరు గట్టిపడితే ఆ పౌనఃపున్యము పెరిగి తోపుల సంఖ్యను సమీపిస్తుంది. రబ్బరు చిరిగితే ఇనుము ఇనుమును తాకుతుంది. అప్పుడు వణుకు చట్రము గుండా స్టీరింగుకు చేరుతుంది.

మన దేశములో 1950ల చివర వచ్చి 2014 వరకు తయారైన అంబాసిడరుకు నాలుగు సిలిండర్లు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు మూడే. తోపుల నడుమ ఎడము పెరిగిన కొలది రబ్బరు మీద భారము హెచ్చినది. పాత కార్లలో కార్బురేటరు మర త్రిప్పి ఇంజను వేగము పెంచి మెకానిక్కులు వణుకును కప్పిపుచ్చగలిగేవారు. నేటి కార్లలో ఆ వేగమును కంప్యూటరే నిర్ణయిస్తుంది. కాబట్టి మూలకారణము వెదకక తప్పదు.

పరీక్షాక్రమము సులభము. బండిని సమతలముపై నిలిపి, చేతిబ్రేకు వేసి, గేరు న్యూట్రలులో ఉంచి ఇంజనును నడపండి. పొగగొట్టము దగ్గర శబ్దము తడబడుతుంటే అది మిస్సింగు. పెట్రోలు బండిలో ప్లగ్గు, కాయిలు, ఇంజెక్టరు, గాలి లీకు చూడవలెను. డీజిలు బండిలో ముందుగా ఇంజెక్టర్లను చూడవలెను. శబ్దము సమముగా ఉండి, యాక్సిలరేటరు కొద్దిగా నొక్కగానే వణుకు పోతే మౌంటింగులను అనుమానించండి. ఇంజను ఆపి, చల్లారిన పిదప రబ్బరులో పగుళ్లు, క్రుంగుదల ఉన్నవేమో చూడండి. ద్రవము నింపిన మౌంటింగయితే తడి కూడ కనిపించవచ్చు. ఏ.సి. వేసినప్పుడే వణికితే ఇంజను అదనపు భారమును తట్టుకొనలేక వేగము పడిపోతున్నదేమో పరిశీలించవలెను. ఇక చక్రాల బాలెన్సింగు అంటారా, గంటకు 80 కిలోమీటర్ల వేగములో వచ్చే వణుకుకు అది తగిన చికిత్స.

చిరిగిన మౌంటింగును అట్లే వదలితే పొగగొట్టము, గొట్టపు అతుకులు దెబ్బ తినవచ్చును. చికిత్సకు ముందు నిదానము అన్నది వైద్యమునకే కాదు, యంత్రమునకూ వర్తిస్తుంది. వణుకు ఎప్పుడు వస్తున్నది, ఎప్పుడు పోతున్నది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగల విద్యార్థి ఏ పనిముట్టు పట్టకుండానే సగము రోగమును కనిపెట్టగలడు.