లేని ఊరు, ఉన్న నేల: చారిత్రక వెస్టర్న్ రొమాన్స్‌లో స్థల నిర్ణయం

అమెరికా పశ్చిమ ప్రాంతంలో జరిగే పంతొమ్మిదో శతాబ్దపు ప్రేమకథ రాయబోయే రచయిత ముందుగా తేల్చుకోవలసింది కథ ఎక్కడ జరుగుతుందన్నది. డాడ్జ్ సిటీ, టూంబ్‌స్టోన్, డెడ్‌వుడ్ లాంటి పేరున్న ఊరిని తీసుకోవాలా, మ్యాపులో లేని ఊరొకటి కట్టుకోవాలా? నిజమైన ఊరైతే చరిత్ర తెలిసిన పాఠకులు తప్పులు పడతారు, కల్పిత ఊరైతే ఆ బెడద ఉండదు అన్నది తరచుగా వినపడే సలహా. ఈ సలహాలో సగమే నిలుస్తుందని నా అభిప్రాయం. ఊరిని కల్పిస్తే వీధులూ దుకాణాలూ షెరీఫూ రచయిత చేతిలోకి వస్తారు. నేలా, చట్టమూ, ఏడాదీ రావు. కొన్ని నవలలను ఆ కాలపు రికార్డుల పక్కన పెట్టి చూస్తే ఈ తేడా కనిపిస్తుంది. కొద్ది నవలల సాక్ష్యం మొత్తం ప్రక్రియ మీద తీర్పు కాజాలదు కాబట్టి, అది ఎంతవరకు నడిపిస్తే అంతవరకే వెళ్తాను.

ఓవెన్ విస్టర్ ‘ది వర్జీనియన్’ 1902లో వెలువడింది. ఒక కౌబాయ్‌కీ, వెర్మాంట్ నుంచి వచ్చిన పంతులమ్మ మోలీకీ మధ్య ప్రేమకథ అది. వయోమింగ్‌లోని మెడిసిన్ బో దగ్గర రైలు దిగడంతో మొదలవుతుంది. ఆ ఊరు నిజం. 1885లో విస్టర్ స్వయంగా చూసినదే. అక్కడి నుంచి రెండు వందల మైళ్లకు పైగా ప్రయాణిస్తే వచ్చే జడ్జి హెన్రీ పశువుల క్షేత్రం మాత్రం కల్పితం. తన కథ 1874 నుంచి 1890 వరకు ఉన్న వయోమింగ్‌దని రచయితే ముందుమాటలో చెప్పాడు.

ఆ ముగింపు సంవత్సరం గమనించదగ్గది. 1892 ఏప్రిల్‌లో వయోమింగ్‌లోని పెద్ద పశువుల ఆసాములు టెక్సాస్ నుంచి తుపాకీవాళ్లను కూలికి తెచ్చి, పశువుల దొంగలని తాము ముద్ర వేసినవాళ్ల మీదికి పంపారు. జాన్సన్ కౌంటీ యుద్ధమని పేరుపడిన ఆ దాడిలో నేట్ ఛాంపియన్, నిక్ రే చనిపోయారు. ఎవరికీ శిక్ష పడలేదు. నవలలోనూ పశువుల దొంగలను ఉరితీసే ఘట్టం ఉంది. అది న్యాయమేనని మోలీకి నచ్చజెప్పే పని జడ్జి హెన్రీ చేస్తాడు. నవల వచ్చేనాటికి జాన్సన్ కౌంటీ గాయం పదేళ్లనాటిది. ఆ కౌంటీ పేరు, ఒక నిజమైన క్షేత్రం పేరు పెట్టి ఉంటే జడ్జి మాటలు ఆసాముల పక్షాన వకాల్తాగా వినపడేవి. కల్పిత క్షేత్రం వాటికి ఒక తెర కట్టింది. విస్టర్ కావాలనే అలా చేశాడనడానికి ఇంతమాత్రం సాక్ష్యం చాలదు. తెర పని చేసిందన్నంతవరకు చెప్పవచ్చు.

జేన్ గ్రే 1912లో రాసిన ‘రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్’ ఇంకాస్త చిక్కు కేసు. కథాస్థలం దక్షిణ యూటాలోని కాటన్‌వుడ్స్ అనే కల్పిత మోర్మన్ గ్రామం, కాలం 1871. ఊరు లేదు గనుక బిషప్ డయర్, ఎల్డర్ టల్ ఏ నిజమైన మనిషికీ ప్రతిరూపాలు కానక్కర్లేదు. అయితే మతం నిజం. పేరున్న వ్యక్తిని కాపాడిన కల్పన, ఆ మతస్థులందరినీ ఒకే గాటన కట్టకుండా ఆపలేకపోయింది. ఏడాది సంగతి మరీ ముఖ్యం. యూటా టెరిటరీ స్త్రీలకు 1870 ఫిబ్రవరిలోనే ఓటు హక్కు వచ్చింది. 1887లో అమెరికా కాంగ్రెస్ దాన్ని తీసేసింది. అంటే కాటన్‌వుడ్స్‌లో పెద్ద ఆస్తికి వారసురాలైన జేన్ విథర్‌స్టీన్ 1871లో ఓటరు. కథ నడిచేది ఆమె నిస్సహాయత మీద. చర్చి ఒత్తిడి ముందు ఓటు ఏపాటి అండ అయ్యేదన్నది చర్చించదగిన ప్రశ్నే. కానీ ఊరిని కల్పించినంత మాత్రాన ఆ హక్కు లేకుండా పోదు. ఇవాళ అదే కాలంలో, అదే నేల మీద కథ రాసేవాళ్లు దాన్ని దాటి వెళ్లకూడదు.

నాకు ఎక్కువ ఆలోచన రేపినది బెవర్లీ జెంకిన్స్ 1994లో రాసిన ‘నైట్ సాంగ్’. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది హింసను తప్పించుకుని వేలమంది నల్లజాతివాళ్లు 1879 ప్రాంతంలో కాన్సస్‌కు తరలివెళ్లారు. వాళ్లను ఎక్సోడస్టర్లు అంటారు. ఆ వలసకు నాయకత్వం వహించినవాళ్లలో హెన్రీ ఆడమ్స్ ఒకరు. జెంకిన్స్ కథ జరిగే కల్పిత ఊరి పేరు అదే, హెన్రీ ఆడమ్స్. నాయిక కారా లీ అక్కడి బడిలో టీచరు, నాయకుడు చేజ్ జెఫర్సన్ పదో అశ్వికదళంలో సార్జెంటు. ఆ దళం నిజంగా ఉన్న నల్లజాతి సైనికుల దళమే. దళం, వలస, రాష్ట్రం చరిత్రలోవి. ఊరూ మనుషులూ కల్పన.

ఈ ఊరి పక్కన నిజమైన ఊరిని పెట్టి చూడాలి. కాన్సస్‌లోని గ్రాహం కౌంటీలో 1877లో నల్లజాతివాళ్లు నికోడిమస్ అనే ఊరు కట్టుకున్నారు. మొదట్లో కలప లేక నేలలో తవ్విన గదుల్లో ఉన్నారు. 1878లో అక్కడికి చేరిన విలియానా హిక్‌మన్ జ్ఞాపకాలు మిగిలాయి: ఊరు వచ్చిందని మగవాళ్లు చెబితే చూసిందట, ఇళ్లు లేవు, నేలలోంచి పొగ వస్తోంది; ఏడుపు వచ్చిందట. అయినా అక్కడే నిలిచింది. ఏ కల్పనకైనా ప్రాణం పోసే సమాచారం ఇది. ఊరు నిలదొక్కుకుంది, పత్రికలు వెలిశాయి, రైలు వస్తుందని ఎదురుచూశారు. 1888లో రైలు మార్గం ఊరిని వదిలేసి సోలమన్ నదికి దక్షిణంగా పోయింది. దుకాణాలు రైలు వెంట తరలిపోయాయి. నికోడిమస్ చిన్న పల్లెగా మిగిలింది, 1996లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది.

1882లో నికోడిమస్‌లో పెళ్లి చేసుకునే జంట కథ రాస్తే, ఆరేళ్లలో వాళ్ల ఊరికి ఏమవుతుందో చరిత్ర తెలిసిన పాఠకుడికి ముందే తెలుసు. రొమాన్స్ పాఠకులకు సుఖాంతం ఇస్తానని మాట ఇచ్చే ప్రక్రియ. ఊరి క్షీణత ఆ మాట మీద నీడ వేస్తుంది. హెన్రీ ఆడమ్స్‌కు ఆ బరువు లేదు. జెంకిన్స్ 2009లో ‘బ్రింగ్ ఆన్ ది బ్లెసింగ్స్’తో మొదలుపెట్టిన సమకాలీన నవలల్లో ఆ ఊరే కనిపిస్తుంది, నేటి కాలంలో, మనుషులతో. నిజమైన ఊళ్లకు దక్కని కొనసాగింపు కల్పిత ఊరికి దక్కింది. ఇక్కడ కల్పన చరిత్ర నుంచి పారిపోవడం కాదని నేను గట్టిగా నమ్ముతాను. పేరు దగ్గర నుంచి సైనిక దళం దాకా ప్రతిదీ రికార్డులో ఉన్నదాన్ని పట్టుకునే నిలబడింది.

నిజమైన ఊరినే ఎంచుకునేవాళ్లకు ఆధారాలకు కొరత లేదు. అగ్ని బీమా కోసం శాన్‌బోర్న్ సంస్థ 1867 నుంచి గీసిన పట్టణ మ్యాపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటిలో ఇటుక కట్టడాలకు గులాబీ రంగు, చెక్క కట్టడాలకు పసుపు. సెలూన్ ఏ మూల ఉందో, చైనీయులు ఏ వరుసలో ఉండేవారో, వేశ్యావాటికలను ఏ మర్యాదపేరుతో రాశారో కూడా తెలుస్తుంది. ఇంత వివరం ఉండడమే ప్రమాదం కూడా. 1879 సెప్టెంబర్ 26న డెడ్‌వుడ్‌లో వచ్చిన అగ్నిప్రమాదం వందల కట్టడాలను బూడిద చేసింది. అదే ఏడు అక్టోబరులో అక్కడ పెళ్లికూతురిని మంచి హోటల్లో దింపితే కథ మొదటి పేజీలోనే పట్టు తప్పుతుంది.

అయితే రికార్డులనూ జాగ్రత్తగా చదవాలి. రాబర్ట్ డిక్‌స్ట్రా 1968లో ప్రచురించిన ‘ది కాటిల్ టౌన్స్’లో అబిలీన్, ఎల్స్‌వర్త్, విచిటా, డాడ్జ్ సిటీ, కాల్డ్‌వెల్ అనే ఐదు కాన్సస్ ఊళ్ల లెక్క తీశాడు. 1870 నుంచి 1885 దాకా ఐదింటిలో కలిపి 45 హత్యలు తేలాయి. దీన్నిబట్టి సినిమాల్లో చూసే రోజువారీ కాల్పులు అబద్ధమని చాలామంది తేల్చేశారు. ఆ తర్వాతి చరిత్రకారులు కొందరు, ఊళ్ల జనాభా చాలా తక్కువ గనుక జనాభా నిష్పత్తిలో ఆ సంఖ్య ఎక్కువేనని వాదించారు. రెండు మాటలూ ఒకే లెక్క నుంచి వచ్చాయి. నవలాకారుడికి పనికివచ్చేది ఇంతే: వారానికో హత్య జరిగే కల్పిత పశువుల పట్నం, ఆ ఐదు ఊళ్లూ కలిసి పదహారేళ్లలో చూసినదాన్ని ఒక్క ఏడాదిలో దాటిపోతుంది.

చట్టం దగ్గరికి వస్తే స్థలమూ ఏడాదీ కలిసి నాయిక ఆలోచననే తలకిందులు చేస్తాయి. అవసరం కోసం చేసుకున్న పెళ్లి ఈ ప్రక్రియలో మళ్లీ మళ్లీ వచ్చే కథాంశం. ఓరెగాన్‌కు 1850లో చేసిన భూదాన చట్టం ప్రకారం, ఆ ఏడు డిసెంబర్ 1 నాటికి అక్కడున్న పెళ్లికాని తెల్లవాడికి 320 ఎకరాలు, పెళ్లయితే 640. ఆ అదనపు సగం భార్య సొంతం, ఆమె పేరునే. పెళ్లికి ఏడాది గడువు కూడా ఇచ్చారు. అందువల్ల అక్కడ 1851లో హడావుడి పెళ్లి నమ్మదగిన విషయం. అదే చట్టం నల్లజాతివాళ్లకు భూమి నిరాకరించింది. ఆదివాసులతో ఒప్పందాలు ఖరారు కాకముందే వాళ్ల నేలను పంచిపెట్టింది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం వేరు. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన అవివాహిత, లేదా విధవ, తన పేరున 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్తతో ఉన్న స్త్రీకి మామూలుగా ఆ వీలు లేదు. ఓరెగాన్‌లో పెళ్లి భూమిని తెచ్చింది. 1880 నాటి కాన్సస్‌లో దరఖాస్తుకు ముందు చేసుకున్న పెళ్లి భూమిని దూరం చేసేది. ఊరి పేరు ఏది పెట్టినా ఈ లెక్క మారదు.

నిజమైన సంఘటనను కథలోకి తెచ్చినప్పుడు ఏమవుతుందో 2021లో కనిపించింది. కేరెన్ విట్‌మేయర్ నవల ‘ఎట్ లవ్స్ కమాండ్’ 1890 డిసెంబర్ 29న జరిగిన వూండెడ్ నీ ఊచకోతతో మొదలవుతుంది. నాయకుడు అందులో పాల్గొన్న అశ్వికదళ అధికారి. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా ఈ నవలకు అవార్డు ఇచ్చి, నిరసన రావడంతో వెనక్కి తీసుకుంది. చోటుకు వేరే పేరు పెట్టి ఉంటే గొడవ రాకపోయేదేమోనని అనిపించవచ్చు. నేను అలా అనుకోను. నిరసన చేసినవాళ్లు అడిగింది చనిపోయిన లకోటా స్త్రీలూ పిల్లలూ నాయకుడి పశ్చాత్తాపానికి మెట్టుగా ఎందుకు మిగిలారని. కల్పిత పేరు ఆ ప్రశ్నకు జవాబు కాదు.

బ్లాక్ హిల్స్ కొండల్లో ఈ చిక్కు ఇంకా స్పష్టం. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందం ఆ కొండలను సూ ప్రజలకు రాసిచ్చింది. బంగారం కోసం దాన్ని మీరి వచ్చినవాళ్లు 1876లో డెడ్‌వుడ్ కట్టారు. ఆ స్వాధీనానికి పరిహారం చెల్లించాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెప్పింది. తమకు భూమే కావాలంటూ సూ తెగలు ఆ డబ్బు తీసుకోలేదు. డెడ్‌వుడ్ పేరు వదిలేసి 1878లో ఆ లోయల్లోనే మరో గనుల పట్నాన్ని కల్పించే రచయితకు వీధులు, హోటళ్లు, అగ్నిప్రమాదం తేదీ అన్నీ స్వేచ్ఛగా దొరుకుతాయి. కొత్త జంట ఇల్లు కట్టుకునే స్థలం ఎవరిదన్న ప్రశ్న మాత్రం నవలలో ఎవరో ఒక పాత్ర నోట రావాలి.