పాత మేడకు పచ్చ పట్టా

అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ రూపొందించిన లీడ్ ప్రమాణాలు మొదట్లో కొత్త కట్టడాలకే వర్తించేవి. 2003లో వాటిలో అత్యున్నతమైన ప్లాటినం స్థాయి అందుకున్న హైదరాబాద్ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ కూడా కొత్తగా కట్టినదే. అప్పటికే వాడుకలో ఉన్న భవనాల కోసం విడి ప్రమాణం 2004లో వచ్చింది. ఇందులో నక్షా ఒక్కటే చాలదు. భవనం నిజంగా ఎంత కరెంటు, ఎంత నీరు తాగుతోందో లెక్క చూపాలి. మీటర్లకూ సెన్సర్లకూ విలువ పెరిగింది అందుకే.

పాత భవనం ఇలా పట్టా పొందడానికి పేరుమోసిన ఉదాహరణ న్యూయార్క్‌లో 1931లో తెరిచిన ఎంపైర్ స్టేట్ బిల్డింగ్. ఇంధన వాడకాన్ని 38 శాతం తగ్గించాలన్న పథకాన్ని 2009లో ప్రకటించారు. సుమారు 6,500 కిటికీలను విప్పి, భవనంలోనే వర్క్‌షాపు పెట్టి, అద్దాల నడుమ పల్చని పొర అమర్చి, వాయువు నింపి మళ్లీ బిగించారు. పాత అద్దాన్ని పారేయకపోవడమే ఇందులోని అసలు తెలివి. రేడియేటర్ల వెనుక వేడిని ఆపే పలకలు పెట్టారు, భవనాన్ని చల్లబరిచే చిల్లర్ యంత్రాలను బాగుచేశారు. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ల సాయంతో, లోపల మనుషులు ఎందరుంటే అంతకు సరిపడా బయటి గాలి వచ్చేలా చేశారు. అద్దెదారులు తమ కరెంటు వాడకాన్ని కంప్యూటర్‌లో చూసుకునే ఏర్పాటూ కుదిరింది. 2011లో ఈ మేడకు లీడ్ గోల్డ్ దక్కింది. అదే ఏడాది తైవాన్‌లోని తైపే 101 ఆకాశహర్మ్యం ప్లాటినం సాధించింది.