యూనిట్ 9: ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు – పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో విండోస్ ప్రోగ్రాముల ప్రయాణం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ప్రోగ్రామును కాపీ చేయడానికీ, ఇన్‌స్టాల్ చేయడానికీ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
• ఫ్లాపీల కాలం నుంచి నేటి వరకు విండోస్ ప్రోగ్రాముల పంపిణీలో వచ్చిన ముఖ్యమైన మార్పులను కాలక్రమంలో వివరించగలుగుతారు.
• ఆ మార్పులు పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలోని లెక్కల గదులను, ప్రయోగశాలలను ఎలా తాకాయో విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారం నుంచి డ్రమ్ము బయటికి పోవాలంటే ఏమేం కావాలో ఆలోచించండి. డ్రమ్ములో సరుకు ఉంటే సరిపోదు. పైన లేబులు ఉండాలి, దానిమీద బ్యాచ్ నంబరు ఉండాలి, వెంట విశ్లేషణ ధ్రువపత్రం ఉండాలి, ఎలా నిల్వ చేయాలో రాసి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా అవతలివారు సరుకు దించుకోరు.

కంప్యూటరు ప్రోగ్రాము సంగతీ ఇంతే. అది తయారైన యంత్రంలో దానికి కావలసినవన్నీ ముందే ఉంటాయి కనుక అక్కడ నడుస్తుంది. మరో యంత్రంలో అవి ఉండకపోవచ్చు, ఉన్నా వేరే రకంవి కావచ్చు. ప్రోగ్రాము ఆధారపడిన వాటన్నిటినీ గుర్తించి ఒకచోట కట్టడాన్ని ప్యాకేజింగ్ అంటారు. ఆ కట్టను అవతలి యంత్రంలో విప్పి, నడిచేలా అమర్చడాన్ని డెప్లాయ్‌మెంట్ అంటారు. ఏమేం పంపాం, ఎక్కడ పెట్టాం, దేన్ని మార్చాం అన్న లెక్క ఎవరు రాసి ఉంచారన్నదే ఈ చరిత్రలో అసలు ప్రశ్న. ఈ యూనిట్ అంతటా ఆ ప్రశ్నను మనసులో ఉంచుకుని చదవండి.

9.2 ప్రాంతం, నేపథ్యం

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, సంగారెడ్డి వరుసగా వస్తాయి. 1960వ దశకంలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం మొదలైంది. ప్రభుత్వ రంగంలోని ఐడీపీఎల్ 1961లో ఏర్పడింది. దాని బాలానగర్ కర్మాగారంలో పనిచేసి అనుభవం గడించినవారిలో కొందరు తరువాత సొంత పరిశ్రమలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కె. అంజిరెడ్డి వారిలో ఒకరు. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, పాశమైలారం ప్రాంతాల్లో ముడి ఔషధాల పరిశ్రమలు పెరిగాయి.

అందువల్ల ఈ ప్రాంతంలో మూడు రకాల కంప్యూటరు వాడుకదారులు పక్కపక్కనే కనిపిస్తారు: సొంత కంప్యూటరు విభాగం ఉన్న పెద్ద సంస్థలు, ప్రతి పనికీ రికార్డు రాయవలసిన మందుల ప్రయోగశాలలు, నాలుగైదు యంత్రాలతో నడిచే చిన్న యూనిట్లు. ఒకే మార్పు ఈ ముగ్గురినీ మూడు విధాలుగా తాకింది.

9.3 ఫ్లాపీల కాలం

డాస్ కాలంలో చాలా ప్రోగ్రాములు ఒకటి రెండు ఫైళ్లుగా ఉండేవి. ఫ్లాపీలోంచి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తే పని అయిపోయేది. 1990లో విండోస్ 3.0, 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చాక పరిస్థితి మారింది. విండోస్‌లో అనేక ప్రోగ్రాములు కొన్ని ఫైళ్లను ఉమ్మడిగా వాడుకుంటాయి. వీటిని డీఎల్‌ఎల్ ఫైళ్లు అంటారు. అప్పట్లో జ్ఞాపకశక్తి, డిస్క్ స్థలం రెండూ ఖరీదైనవి కనుక, అందరికీ కావలసినది ఒకచోట ఉంచి పంచుకోవడం తెలివైన ఏర్పాటే. అయితే ఊరి ఉమ్మడి బావి లాగా, ఒకరు కలిపిన మట్టి అందరి బిందెల్లోకీ చేరేది.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6ను మన ప్రాంతంలోని చిన్న ప్రోగ్రామర్లు విరివిగా వాడారు. అందులో రాసిన ప్రోగ్రాము చిన్నదే అయినా, అది నడవడానికి కావలసిన రన్‌టైమ్ ఫైలు ఒక్కటే 1.44 ఎంబీ ఫ్లాపీని దాదాపు నింపేసేది. తెరమీది పట్టికలకు, జాబితాలకు కావలసిన కంట్రోల్ ఫైళ్లు, డేటాబేస్ ఫైళ్లు అదనం. వీటిలో చాలావాటిని కాపీ చేస్తే చాలదు. విండోస్ తన వివరాలు దాచుకునే రిజిస్ట్రీలో నమోదు కూడా చేయాలి. ఈ పనులన్నీ వరుసగా చేయడానికి విజువల్ బేసిక్‌తో పాటే ఒక ప్యాకేజింగ్ విజార్డ్ వచ్చేది. ఇన్‌స్టాల్‌షీల్డ్ వంటి అమ్మకపు ఉపకరణాలు, 1997 నుంచి ఉచితంగా దొరికిన ఇన్నో సెటప్ కూడా ఇందుకోసం పుట్టినవే.

9.4 ఒక అనుభవం

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెబుతాను. 2002లో పాశమైలారంలోని ఒక చిన్న యూనిట్‌కు ముడిసరుకు నిల్వల ప్రోగ్రాము రాసి ఇచ్చాను. నా యంత్రంలో చక్కగా నడిచింది. వారి విండోస్ 98 యంత్రంలో తెరవగానే ఒక కంట్రోల్ ఫైలు లేదా దాని సరైన రూపం దొరకలేదన్న సందేశం వచ్చింది. సెటప్ ప్యాకేజీ తయారు చేసే ఓపిక లేక, నా యంత్రంలోని ఫైళ్లను నేరుగా వారి సిస్టమ్ ఫోల్డరులోకి కాపీ చేశాను. ‘ఈ పేరుతో ఫైలు ఉంది, మార్చమంటారా?’ అని విండోస్ అడిగిన ప్రతిసారీ మార్చమన్నాను. నా ప్రోగ్రాము నడిచింది.

ఆ సాయంత్రం డ్రమ్ముల లేబుళ్లు ముద్రించే ప్రోగ్రాము ఆగిపోయింది. నేను మార్చిన ఫైళ్లలో ఒకటి వారి దగ్గరున్న దానికంటే పాతది. లేబుళ్ల ప్రోగ్రాముకు కావలసింది కొత్తది. లారీ గేటు దగ్గర రాత్రంతా ఆగింది. స్టోర్స్ చూసే పెద్దాయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు: ‘సారూ, మీరు పెట్టింది నడుస్తుంది సరే, ముందు ఉన్నది ఏమైంది?’

నా దగ్గర జవాబు లేదు. ఏ ఫైళ్లు మార్చానో రాసుకోలేదు. రాసుకుని ఉంటే పది నిమిషాల పని. రాసుకోనందువల్ల మర్నాడు లేబుళ్ల ప్రోగ్రాము సీడీ తెప్పించి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసి వచ్చింది. సెటప్ ప్యాకేజీ ఉంటే అది పాత, కొత్త వెర్షన్లను పోల్చి చూసి, కొత్తదాన్ని ముట్టుకునేది కాదు.

ఇలాంటి చిక్కులకు ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు పెట్టుకున్న పేరు ‘డీఎల్‌ఎల్ హెల్’. తెలుగులో డీఎల్‌ఎల్ నరకం అనవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ఉమ్మడి ఫైళ్ల ఏర్పాటు ఎందుకు వచ్చింది? దానివల్ల కలిగిన ఇబ్బంది ఏమిటి?
2. పై అనుభవంలో లారీ ఆగడానికి అసలు కారణం ఫైలు మారడమా, మార్పును రాసుకోకపోవడమా? మీ అభిప్రాయం రాయండి.

9.5 లెక్క రాసే ఇన్‌స్టాలర్

1999లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000తో పాటు విండోస్ ఇన్‌స్టాలర్ వచ్చింది. దీని ప్యాకేజీ ఫైలును ఎంఎస్‌ఐ అంటారు. పాత సెటప్ ప్రోగ్రాము ‘ఇది చెయ్యి, తరువాత అది చెయ్యి’ అనే ఆదేశాల వరుస. ఎంఎస్‌ఐ లోపల పట్టికలు ఉంటాయి: ఏ ఫైళ్లు, ఏ ఫోల్డరు, రిజిస్ట్రీలో ఏ నమోదులు. ఆ పట్టికలు చూసి పని చేసేది విండోసే. మధ్యలో విఫలమైతే వెనక్కి తిప్పగలదు, పాడైన ఫైలును బాగుచేయగలదు, తొలగించమంటే తాను పెట్టినవాటినే తీసేస్తుంది. స్టోర్స్ పెద్దాయన ప్రశ్నకు జవాబు చెప్పగల ఏర్పాటు అది. 2004లో మైక్రోసాఫ్ట్ విక్స్ అనే ఉపకరణాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయడంతో ఇలాంటి ప్యాకేజీలు తయారు చేయడానికి డబ్బు పెట్టవలసిన అవసరం తగ్గింది.

విండోస్ 2000 వచ్చాక, నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటికీ గ్రూప్ పాలసీ ద్వారా ఒకేచోటి నుంచి ఎంఎస్‌ఐ పంపడం సాధ్యమైంది. ఇందుకు సర్వరు కావాలి, దాన్ని చూసే మనిషి కావాలి. నాలుగు యంత్రాల చిన్న యూనిట్‌కు అవి రెండూ లేవు. అక్కడ సీడీ, ఆ తరువాత పెన్‌డ్రైవ్, వాటిని పట్టుకుని బైకు మీద వచ్చే కుర్రవాడే డెప్లాయ్‌మెంట్ వ్యవస్థగా మిగిలాయి.

2002లో వచ్చిన డాట్ నెట్, ఒకే ఫైలు పలు వెర్షన్లు పక్కపక్కనే ఉండేలా చేసి పాత సమస్యను చాలావరకు తీర్చింది. కానీ డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ అవతలి యంత్రంలో ఉండాలి. 1.1 వెర్షన్ పరిమాణం దాదాపు 23 ఎంబీ. ఫోన్ లైను మీద 56 కేబీపీఎస్ వేగంతో దింపుకోవాలంటే, లైను తెగకపోయినా గంటసేపు పట్టేది. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాదులో తెరిచిన అభివృద్ధి కేంద్రంలో విజువల్ జె షార్ప్ అనే భాష రూపొందింది. మన నగరంలో తయారైన ఆ భాషలో రాసిన ప్రోగ్రాము పటాన్‌చెరులో నడవాలన్నా, దానికి ప్రత్యేకమైన రన్‌టైమ్ ప్యాకేజీ ముందుగా అక్కడికి చేరాల్సిందే.

9.6 లెక్కల గదిలో

చిన్న యూనిట్లలో కంప్యూటరు ముందుగా చేరింది ఉత్పత్తి విభాగంలోకి కాదు, లెక్కల గదిలోకి. 2003లో టీడీఎస్ రిటర్నులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో దాఖలు చేసే పథకం వచ్చింది. 2005 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్, 2017 జులై 1న దేశమంతటా జీఎస్టీ అమల్లోకి వచ్చాయి. చట్టం మారిన ప్రతిసారీ లెక్కల ప్రోగ్రాము కొత్త వెర్షన్ కావాలి.

టీడీఎస్ ఫైలును తనిఖీ చేసే యుటిలిటీ నడవాలంటే యంత్రంలో జావా ఉండాలి. యుటిలిటీ తాజా వెర్షనుతో తనిఖీ చేసిన ఫైలునే తీసుకుంటారు. 2012 జులై నుంచి టీడీఎస్ స్టేట్‌మెంట్ ఆలస్యమైతే ఆదాయపు పన్ను చట్టం రోజుకు 200 రూపాయల రుసుము విధించింది. గడువు నాటి సాయంత్రం జావా వెర్షన్ కుదరకపోతే, అది సాంకేతిక సమస్యగా మిగలదు. రోజుకు 200 చొప్పున యూనిట్ ఖాతాలోకి ఎక్కుతుంది.

విండోస్ మారినప్పుడూ ఇంతే. చాలా పాత లెక్కల ప్రోగ్రాములు తమ ఫోల్డరులోనే డేటాను రాసుకునేవి. 2007లో విస్టా వచ్చాక, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో నడిపినా, ప్రత్యేక అనుమతి లేకుండా ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో రాయడానికి వీల్లేకుండా పోయింది. భద్రత దృష్ట్యా అది మంచి మార్పే. కానీ, ఏ ప్రోగ్రాము ఎక్కడ రాస్తుందో లెక్క లేనిచోట్ల పని ఆగిపోయింది.

తెలుగు చదివేవారికి తెలిసిన మరో ఉదాహరణ ఫాంట్లు. డీటీపీలో కూర్చిన తెలుగు నోటీసును, ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపించేవి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. అయినా తెలుగు సరిగా కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవాలి, అది విండోస్ సీడీ అడిగేది. విస్టా నుంచి ఆ అవసరం పోయింది. మన భాష కూడా ఒక దశలో అదనంగా ఇన్‌స్టాల్ చేసుకోవలసిన వస్తువే.

9.7 ప్రయోగశాలలో

మందుల ప్రయోగశాలలో నమూనా స్వచ్ఛతను తేల్చే క్రొమటోగ్రఫీ పరికరానికి ఒక విండోస్ కంప్యూటరు జోడించి ఉంటుంది. బ్యాచ్ బయటికి వెళ్లాలా వద్దా అన్నది ఆ ప్రోగ్రాము ఇచ్చే ఫలితం మీద ఆధారపడుతుంది. అమెరికాకు మందులు పంపే సంస్థలకు అక్కడి ఎఫ్‌డీఏ నిబంధనలు వర్తిస్తాయి. ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల గురించి ఎఫ్‌డీఏ రూపొందించిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధన 1997 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది.

అందువల్ల ఇక్కడ ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయడమే ఒక పరీక్షగా మారింది. మొదటి దశ ఇన్‌స్టలేషన్ క్వాలిఫికేషన్: యంత్రం సీరియల్ నంబరు, విండోస్ వెర్షన్, ప్రోగ్రాము వెర్షన్, పెట్టిన ఫోల్డరు, చేసినవారి పేరు, సంతకం, తేదీ రాయాలి. రెండో దశలో ప్రోగ్రాము చెప్పినట్టు పనిచేస్తోందో చూడాలి. మూడో దశలో అక్కడి నిజమైన పనిలో పరీక్షించాలి. విశ్లేషకుడికి అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉండకూడదు, గడియారం మార్చే వీలు ఉండకూడదు. ఎంఎస్‌ఐ తన పట్టికల్లో రాసుకునే లెక్కనే ఇక్కడ మనుషులు కాగితం మీద, సంతకం పెట్టి రాస్తారు.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఇంత శ్రమపడి ధ్రువీకరించిన యంత్రాన్ని మార్చాలంటే మళ్లీ అన్ని దశలూ మొదలుపెట్టాలి. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినా, ఇలాంటి చోట్ల పాత యంత్రాలను వెంటనే వదులుకోవడం కష్టం. లెక్క లేకపోతే చిక్కు, లెక్క బరువైతే మార్పు ఆలస్యం. ఈ రెంటినీ మీరు గమనించాలి.

9.8 పరిశోధన సంస్థలో

ప్యాకేజింగ్‌కు నిర్మాణాత్మకమైన ఉదాహరణ ఇక్రిశాట్‌లో కనిపిస్తుంది. జన్యు గుర్తుల ఆధారంగా వంగడాలను ఎంపిక చేసే శాస్త్రజ్ఞులకు ఎన్నో ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కోచోట దొరుకుతుంది, ఒక్కో రూపంలో డేటా అడుగుతుంది. వీటిని ఒకే వ్యవస్థగా కలిపి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఐమాస్ అనే సాఫ్ట్‌వేరును రూపొందించారు. కంప్యూటరు నిపుణులు అందుబాటులో లేని పరిశోధన కేంద్రానికి ఇది ఎంత ఉపయోగమో ఊహించండి. కొత్త సిద్ధాంతమేమీ కనిపెట్టకుండా, ఉన్నవాటిని అందేలా కట్టి ఇవ్వడం కూడా విజ్ఞాన సేవే.

9.9 సారాంశం

ఫ్లాపీల కాలంలో ఏది ఎక్కడ పెట్టామన్న లెక్క, ఇన్‌స్టాల్ చేసిన మనిషి తలలో ఉండేది. 1999 తరువాత అది ప్యాకేజీలోకి చేరింది. మందుల ప్రయోగశాలల్లో సంతకాలతో కాగితం మీదికీ ఎక్కింది. 2018లో వచ్చిన ఎంఎస్‌ఐఎక్స్ ప్యాకేజీలో ప్రోగ్రాము తన ఫైళ్లను తనవద్దే ఉంచుకుంటుంది, ఇతరుల వాటిని ముట్టుకోదు. ఉమ్మడి బావి నుంచి ఎవరి కుళాయి వారికి అన్న దశకు వచ్చాం. అయినా, 1998 నాటి విజువల్ బేసిక్ రన్‌టైమ్ ఇప్పటి విండోస్‌లోనూ వస్తోంది. పాత ప్రోగ్రాములు ఇంకా పనిలో ఉన్నాయనడానికి అదే సాక్ష్యం. వాటిని పెట్టినవారిలో చాలామంది ఇప్పుడు ఆ ఉద్యోగాల్లో లేరు. వారు రాసి ఉంచకపోతే, ఆ యంత్రం చెడిపోయిన రోజున వారికి తెలిసినది తిరిగి సంపాదించడం చాలా కష్టం.

9.10 కృత్యం

మీరు పనిచేసే చోట లేదా మీకు తెలిసిన ఒక దుకాణంలో, యజమాని అనుమతితో, రోజూ వాడే ఒక ప్రోగ్రామును ఎంచుకోండి. ఈ యంత్రం రేపు కాలిపోతే మరో యంత్రంలో దాన్ని నడపడానికి ఏమేం కావాలో ఒక పేజీలో రాయండి: వెర్షన్, అది ఆధారపడిన ఇతర ప్రోగ్రాములు, డేటా ఉన్న ఫోల్డరు, లైసెన్సు వివరాలు దాచిన చోటు. ఒక ప్రతిని యజమానికి ఇవ్వండి.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. విండోస్ ప్రోగ్రాముల పంపిణీలో 1990 నుంచి 2018 వరకు వచ్చిన మార్పులను వివరించండి.
2. ఒకే సాంకేతిక మార్పు పెద్ద సంస్థను, చిన్న యూనిట్‌ను వేర్వేరుగా ఎందుకు తాకుతుంది? ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పాత సెటప్ ప్రోగ్రాముకూ ఎంఎస్‌ఐ ప్యాకేజీకీ ఉన్న తేడాలు రాయండి.
2. మందుల ప్రయోగశాలలో ఇన్‌స్టలేషన్ క్వాలిఫికేషన్ అవసరమేమిటి?